నడుముకు నీళ్లు

పిల్లలూ! లీటరు నీళ్లు ఎంత బరువు తూగుతాయో మీకు తెలుసు కదా? ఒక కిలో. ఆ కిలోను చేత పట్టుకొని మైపాడు ఒడ్డున ఇసుకలో ఒక మైలు నడిచి చూడండి. చేయి లాగుతుంది, ఒళ్లు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. తాటిచెట్లు ఎక్కే గీతపనివారు ఈ చిక్కును ఏనాడో తీర్చుకొన్నారు. కుండను నడుముకు తగిలించుకొంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఇప్పుడు దుకాణాలలో హైడ్రేషన్ బెల్టు అని అమ్మేదానిలో ఉన్నదీ ఆ ఉపాయమే. నడుముకు ఒక పట్టీ, దానికి చిన్న నీళ్ల సీసాలు. మనం దానిని నీళ్ల బెల్టు అందాం.

సముద్రం ప్రక్కనే ఉండగా నీళ్లు మోయడమెందుకు? లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పును బయటికి పంపడానికి మన మూత్రపిండాలు త్రాగినదానికన్న ఎక్కువ నీటిని ఖర్చు చేయవలసి వస్తుంది. అందుచేత దాహం తీరదు సరికదా, పెరుగుతుంది.

ఇంకొక సంగతి. చెమట ఆవిరి అయ్యేటప్పుడు ఒంటి వేడిని తీసికొనిపోతుంది. కాని తీరంలో గాలి తేమగా ఉంటుంది. చెమట త్వరగా ఆరక కారిపోతుంది. నీరు పోతుంది గాని, ఒళ్లు చల్లబడదు.

మరి ఎన్ని నీళ్లు కావాలి? చిన్న లెక్క చేయండి. నడకకు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకొని తూకం చూచుకోండి. ముందు 40 కిలోలు, గంట నడిచాక 39.7 కిలోలు అనుకొందాం. మధ్యలో 200 మిల్లీలీటర్లు త్రాగారు. 300కు 200 కలిపితే 500. అనగా అర లీటరు చెమట పోయింది. అంతకు మించి త్రాగనక్కర లేదు. మితిమీరితే కీడే. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షించగా, నూటికి 13 మందికి సోడియం తగ్గిపోయి ఉన్నది. పరుగులో బరువు పెరిగేటన్ని నీళ్లు త్రాగినవారిలో అది ఎక్కువగా కనిపించింది.

ఇక ఎంపిక. పట్టీ పొట్టమీద కాక తుంటి ఎముకలమీద కూర్చోవాలి. అర లీటరు సీసా ఒకటి ఉన్నదానికన్న, పావు లీటరువి రెండు చెరొక ప్రక్క ఉన్నది మేలు. "నిండుకుండ తొణకదు" అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం. సగం నిండిన సీసాలో నీరు కొట్టుకొంటూ అడుగడుగునా పట్టీని కుదుపుతుంది. కాబట్టి రెండూ నిండుగా నింపి, ఒకటి త్రాగడం పూర్తయ్యాకనే రెండవదాని మూత తీయండి. సీసా మూతి, లోపల తోమడానికి వీలుగా వెడల్పుగా ఉండాలి. కొనేముందు నీళ్లు నింపి కట్టుకొని పదిసార్లు గెంతండి. పట్టీ జారితే అది మీకు తగినది కాదు.

పెద్దలకు ఒక మాట. చల్లని వేళ అరగంట నడకకు ఇంటివద్ద నీళ్లు త్రాగి బయలుదేరితే చాలు. బెల్టు అక్కర లేదు. మధ్యాహ్నపు ఎండకు ఏ బెల్టూ విరుగుడు కాదు. పిల్లవానికి తల తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరుతూ వైద్యుని వద్దకు తీసికొనిపోండి.

పిల్లలూ, ఈ ఆదివారం ఉదయం మీ చెమట లెక్క వేసి నోటుపుస్తకంలో వ్రాసికొనండి. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ అంకెను వెంట తీసికొనిపోండి.