ఇంగ్లీషు పలుకుబడి – దేశమున కొక తీరు

ఇంగ్లీషు ఎక్కడనైనను ఒకే భాష యని మనము తలంతుము. వ్యాకరణమును, నిఘంటువును ముందుంచుకొని నేర్చినవారికి అట్లు తోచుట సహజమే. కాని నిత్యవ్యవహారములోని నానుడులు సముద్రము దాటగానే మారును. ఒక్కొక్కప్పుడు జిల్లా దాటినను మారును.

ఈ మార్పు రెండు విధములు. మొదటిది, మాట మారినను అర్థము నిలుచుట. అల్పవిషయమునకు పెద్ద రభస జరిగినచో ఇంగ్లండువారు టీ కప్పులో తుపాను అందురు. మన పత్రికల కెక్కినది ఆ కప్పే. అమెరికనులకు మాత్రము ఆ తుపాను టీ కాచిపోసెడి కూజాలో రేగును. తమ అదృష్టమును గూర్చి ఒక మాట యనినపుడు అది చెడకుండుటకై ఇంగ్లండువారు కొయ్యను తాకుదురు. అమెరికనులు కొయ్యను తట్టుదురు. ఇట్టి భేదములు వినుటకు వేడుకయే గాని, వీనివలన ఎవరికిని నష్టము లేదు.

రెండవది, మాట నిలిచి అర్థము మారుట. చిక్కంతయు ఇక్కడనే. కొత్తమాట చెవినిబడినచో అర్థ మడుగుదుము. ఎరిగిన మాటయే వినబడినచో అడుగవలెనను తలంపే పుట్టదు.

'టేబుల్' అను క్రియను చూడుడు. ఒక పత్రమును టేబుల్ చేయుట యనగా బ్రిటనులో చర్చకు పెట్టుట. అమెరికాలో చర్చించక ప్రక్కన బెట్టుట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఉభయదేశముల సేనానాయకులు ఈ మాటపై చాలసేపు వాదులాడుకొనిరనియు, తుదకు ఇరువురు కోరునది ఒక్కటేయని తెలిసికొనిరనియు చర్చిలు తన యుద్ధచరిత్రలో వ్రాసినాడు.

అది వాదముతో ముగిసినది. 1951 ఏప్రిలులో కొరియాలోని ఇంజిన్ నది యొద్ద జరిగినది అట్టిది కాదు. గ్లాస్టర్‌షైరు దళమును చైనా సేనలు చుట్టుముట్టినవి. స్థితి యెట్లున్నదని అమెరికను జనరలు అడుగగా, బ్రిటిషు బ్రిగేడియరు 'ఎ బిట్ స్టికీ' యని బదులు చెప్పెనట. కొంచెము జిగటగా నున్నదని మాటకు మాట అర్థము. కష్టమును తగ్గించి పలుకుట బ్రిటిషు సైనికుల మర్యాద. ఆ మర్యాద తెలిసినవారికి అది మహాపద యని బోధపడును. అమెరికను జనరలు మాత్రము, ఇబ్బందియే గాని నిలువగలరని గ్రహించెనందురు. వెనుకకు మరలుటకు అనుమతి వచ్చునప్పటికి కాలము మించినది. 500 మందికి పైగా బందీలైరి. ఆ విపత్తునకు ఇది యొక్కటే కారణము కాదు. కాని ఈ రెండు ముక్కలను నేటికిని తలచుచునే యున్నారు.

కాలమును దెలుపు మాటలయందును జాగ్రత్త వలయును. బ్రిటనులో 'హాఫ్ టెన్' అనగా పదిన్నర. ఆ వాడుక అమెరికాలో లేదు. యార్కుషైరులో 'నైన్ వైల్ ఫైవ్' అనినచో తొమ్మిది మొదలు ఐదు వరకు అని యర్థము. దక్షిణాఫ్రికాలో 'జస్ట్ నౌ' వచ్చెదనని చెప్పినవాడు మరికొంతసేపటికి గాని రాడు.

మన ఇంగ్లీషునకును ఇట్టి ప్రత్యేకత కలదు. ఊరిలో లేరనుటకు మనము 'ఔట్ ఆఫ్ స్టేషన్' అందుము. దొరల కాలమున అధికారి కొలువుండు ఊరు స్టేషను. ఆ మాటయే మనకు మిగిలినది. లండనులో దానిని వినువారికి రైలుస్టేషను తలపునకు వచ్చిన ఆశ్చర్యము లేదు.

నేడు బిడ్డలు విదేశములలో చదువుచు, కొలువులు చేయుచున్న ఇండ్లు మనలో పెక్కులు. వారికి మనము చెప్పదగిన దొక్కటి: గంటలను అంకెలతో చెప్పుడు, ఆపద గలిగినచో కొంచెము, కాస్త అను మాటలు విడిచి, కావలసిన సాయమును సూటిగా నడుగుడు, ఎదుటివారు చెప్పినదానిని మరియొక రీతిగా వారికే చెప్పి సరిచూచుకొనుడు. ఎరిగిన మాటకు అర్థ మడుగుట చిన్నతనము కాదు.