ఇంటి తలుపు వెనుక: పురుషుల బాధ్యత

1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమము చెలరేగినప్పుడు దేశమంతయు నివ్వెరపడి చూచెను. అంతకు ముందటి యేడు అక్షరాస్యతా కార్యక్రమము ప్రారంభమై పల్లెపల్లెను రాత్రిబడులు వెలసినవి. పలకపై అక్షరములు దిద్దుకొనుచున్న కూలిస్త్రీలకు వాచకములోని పాఠములు తమ యింటి కథలుగనే తోచినవి. మగడు కూలిడబ్బులు సారా దుకాణమున పోసివచ్చుట, అడిగిన భార్యను కొట్టుట, పిల్లలు పస్తుండుట, ఇందులో వారెరుగని దేమున్నది? కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు దుకాణము మూయించిరి. రోశమ్మ పేరు రాష్ట్రమంతట మ్రోగెను. సారా వేలముపాటలు పలుమారులు వాయిదాపడినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను.

సూళ్లూరుపేట ప్రాంతము 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో చేరువరకును నెల్లూరు జిల్లాలోనిదే. కనుక ఆ యుద్యమఖ్యాతిలో ఇచ్చటివారికిని భాగము కలదు. కాని మేమొక ప్రశ్న వేయుచున్నాము. ఆనాడు పురుషులేమి చేయుచుండిరి? రాత్రిబడులలో పాఠములు చెప్పిన యువకులు, తోడ్పడిన కార్యకర్తలు కొందరు లేకపోలేదు. తక్కినవారిలో పెక్కుమంది అరుగులపై కూర్చుండి చూచిరి. దెబ్బలు తినుట స్త్రీల వంతు. దుకాణము మూయించుట స్త్రీల వంతు. కొట్టు చేతిని పట్టుకొనుటయు వారి వంతేనా?

సారాయే సర్వదోషములకు మూలమనువారు ఒక్క సంగతి గమనింపవలెను. తప్పద్రాగినవాడు దారిలో ఎదురైన కానిస్టేబులును కొట్టడు. తనకు పని యిచ్చు ఆసామిని కొట్టడు. తూలుచు ఇల్లు చేరి భార్యను కొట్టును. ఎవరిని కొట్టినచో అడుగువాడు లేడో మత్తులో నుండియు వాడెరుగును. ఆ తెలివి సీసాలోనుండి వచ్చినది కాదు. ఇక చుక్కయైన ముట్టని గృహస్థులు, చదువుకొన్నవారు, కట్నము చాలలేదని కోడండ్రను వేధించుటకు ఏ సారా కారణము? వరకట్న నిషేధ చట్టము పుట్టి 1961 నుండి అరువదియేండ్లు దాటినది. పెండ్లిచూపులలో దాని పేరెత్తువాడు నేటికిని పిచ్చివాడే!

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో మన రెండు తెలుగు రాష్ట్రముల స్త్రీలే, నూటికి ఎనుబదిమందికి పైగా, ఏదో యొక కారణమునకు భర్త భార్యను కొట్టుట తగుననిరి. "ఆడువారే ఒప్పుకొనగా మీకేల?" యని మమ్మడుగువారు కలరు. తెల్లదొరల పాలన మన మేలుకేయని నమ్మినవారు ఈ దేశమున లక్షలమంది యుండిరి. అంతమాత్రముచే ఆ దాస్యము ధర్మమయ్యెనా? ఆ తల్లులు, ఆ తండ్రులు పెంచిన బాలుడు పదియేండ్లు నిండకమునుపే నేర్వవలసిన దంతయు ఇంటిలోనే నేర్చుకొనుచున్నాడు.

కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మ గుడికి రేయింబవళ్లు తలుపు మూయరు. అట్టి యూరిలో ఇంటి తలుపు వెనుక ఆడుదాని యేడ్పు వినబడినప్పుడు ఇరుగుపొరుగు పురుషులు చేయుచున్న దేమి? తమ తలుపుకూడ మూసికొనుచున్నారు. "మొగుడు పెండ్లాల తగవు, మనకేల?" యను మాట పెద్దరికముగా చెలామణి యగుచున్నది. ఆ తగవు రచ్చకెక్కినచో పెద్దమనుషులు కూర్చుండి, "సర్దుకొని పొమ్మా" యని స్త్రీకే బుద్ధి చెప్పి పంపుదురు. ఈ పత్రిక చదువుచున్న ఆసాములలో అట్టి తీర్పులు చెప్పినవారు పలువురుందురు. మేము మాటలాడుచున్నది వారితోనే. కొట్టినవానిని సభలో నిలువబెట్టి, "నీవు తప్పు చేసితి" వని ఒక్క పెద్ద పలికిన యెడల ఆ వీధి బాలురందరు విందురు. వినుట ముఖ్యము.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరిపెద్దలు ఎదురు తిరిగిరి. ఆయనకు తోడు నిలిచినవారిలో విద్యార్థులుండిరి. కుర్రవారివలన ఏమగునను పెద్దలకు అంతకంటె సమాధానము వలదు.

కెనడాలో 1989 డిసెంబరులో ఒక దుండగుడు మాంట్రియల్ విద్యాలయమున పదునలుగురు స్త్రీలను చంపిన పిదప, 1991లో పురుషులు కొందరు తెల్లరిబ్బను ధరించి, స్త్రీలపై దౌర్జన్యము చేయము, చూచి యూరకుండమని ప్రతినబూనిరి. రిబ్బనులపై మాకంత భ్రమ లేదు. బొంబాయిలో జరిగిన పని మాకు మరింత నచ్చినది. అచ్చట క్రికెట్ శిక్షకులే, ఆట నేర్పుచునే, ఆడుపిల్లలయెడ మర్యాదను బాలురకు బోధించిరి. బాలుడు ఉపాధ్యాయుని మాట వినకున్నను క్రికెట్ గురువు మాట వినును! సూళ్లూరుపేటలో బ్యాటు పట్టని కుర్రవాడెవడు? శ్రీసిటీ కర్మాగారములకు బస్సులలో పోవు యువతులను చూచి ఈలవేయువారును ఆ మైదానములనుండి వచ్చినవారే గదా. పులికాటు పక్షుల పండుగకు పందిళ్లు వేయించు దాతలు ఇట్టి శిక్షకుల నిద్దరిని నిలుపజాలరా?

చట్టమును అడ్డు రాదు. 2005 నాటి గృహహింస చట్టము 4వ సెక్షను ప్రకారము ఇంటిలో దౌర్జన్యము జరుగుచున్నదని నమ్మిన ఎవరైనను, బంధువు కాకున్నను, రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవానిపై వ్యాజ్యము చెల్లదు. 181 అను టెలిఫోను సంఖ్యకు పొరుగింటి పురుషుడును మాటలాడవచ్చును.