లిస్టింగ్ రోజు పదింటికి ఏం జరుగుతుంది?

మార్కెట్ 9.15కి తెరుచుకున్నా, కొత్త ఐపీఓ షేరు ట్రేడింగ్ మాత్రం పదింటికే మొదలవుతుంది. అంతకుముందు గంటలో వచ్చిన ఆర్డర్లన్నీ పోగేసి ఎక్స్ఛేంజీ ఒక ధర తేలుస్తుంది. అది ఇష్యూ ధర దగ్గరే ఉండాలని ఏమీ లేదు. ఆ తేడానే గ్యాప్ అంటారు.

పేటీఎం సంగతే చూడండి. 2021 నవంబరు 18న లిస్టయింది. ఇష్యూ ధర 2,150 రూపాయలు, ఎన్ఎస్ఈలో తెరుచుకున్నదే 1,950 దగ్గర. నష్టం వస్తే 2,100కి అమ్మేసి బయటపడదాం అనుకున్నవాళ్లకు ఆ రోజు ఆ ధర కంటికి కూడా కనపడలేదు. స్టాప్‌లాస్ ఉంది కదా అంటారు కొందరు. మధ్య ధరలేవీ లేకుండా షేరు ఒక్కసారిగా కిందికి దూకితే అది కూడా కాపాడదు. దొరికిన ధరకే అమ్ముడవుతుంది, లేదా ఆర్డరు అలాగే ఉండిపోతుంది. సాయంత్రానికి షేరు 1,560 చిల్లరకు దిగింది. ఆరు షేర్ల లాటుకు 12,900 కట్టినవాళ్లకు మిగిలింది దాదాపు 9,400.

ఎక్కువకు తెరుచుకున్న షేరుతో ఇంకో చిక్కు. అలాట్‌మెంట్ రానివాళ్లు ఆత్రంగా కొంటుంటే, వచ్చినవాళ్లు అదే నిమిషంలో వాళ్లకే అమ్మేస్తుంటారు. చూసుకోవడానికి పాత చార్టు కూడా ఉండదు. గ్రే మార్కెట్ ప్రీమియం అంటారా, అది అనధికారిక బేరం, నమ్ముకోదగ్గది కాదు. పైగా యాంకర్ ఇన్వెస్టర్ల షేర్లలో సగానికి లాక్‌ఇన్ 30 రోజులే. అది తీరాక మరో విడత అమ్మకాలు రావొచ్చు.