వృద్ధుల నివాసం, సేవల దూరం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల నేపథ్యం

వృద్ధులకు అందుబాటు ధరలో నివాసం అన్నప్పుడు సాధారణంగా ఇంటి ఖరీదు, అద్దె మాత్రమే లెక్కకు వస్తాయి. ఆదాయం పింఛనుకే పరిమితమైన వారి విషయంలో ఆసుపత్రికి, బ్యాంకుకు, రేషన్ దుకాణానికి వెళ్లివచ్చే ఖర్చును కూడా అద్దెతో కలిపి చూడవలసి ఉంటుంది. ఊరి చివర చౌకగా దొరికిన గది, ఆటో చార్జీలు కలిస్తే చౌక కాకపోవచ్చు.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఈ సమస్యకు వలస తోడైంది. పనిచేయగల వయసువారు దూరప్రాంతాలకు కూలికి వెళ్తే, ముసలివారు ఇంటి దగ్గర మిగిలిపోవడం పాలమూరులో పరిపాటి. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. సేవలు జిల్లా కేంద్రానికి వచ్చాయి. వాటికి చేరువలో వృద్ధులు ఉండగలరా అన్నది వేరే ప్రశ్న.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్ ఈ ప్రశ్నను కొంతవరకు స్పృశించింది. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా, సులభంగా చేరగల ప్రదేశాలలో రాష్ట్ర ప్రభుత్వం దశలవారీగా నెలకొల్పవచ్చునని అది చెబుతుంది. కొలమానం జిల్లా కనుక, విభజనతో ఈ మూడు జిల్లాల లెక్క మూడు ఆశ్రమాలకు, 450 మందికి పెరిగింది. అయితే ‘నెలకొల్పవచ్చు’ అన్న మాట ప్రభుత్వానికి విచక్షణను ఇచ్చిందే గాని, వృద్ధులకు హక్కును ఇవ్వలేదు.

గృహనిర్మాణ పథకాలలోనూ ఇటువంటి ఖాళీ కనిపిస్తుంది. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయలను నిర్మాణ దశలను బట్టి చెల్లిస్తుంది. స్థలం లేని, దగ్గరుండి పని చేయించుకోలేని ఒంటరి వృద్ధులకు ఈ పద్ధతి అందదు. పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015 మార్గదర్శకాలు మాత్రం వృద్ధులున్న కుటుంబాలకు కింది అంతస్తులలో ఇళ్లు కేటాయించడం మేలని సూచించాయి.

రవాణాలోనూ అసమానత ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం. వృద్ధ దంపతులలో భార్యకు టికెట్టు అక్కరలేదు, భర్తకు కావాలి. ఇంటి నుంచి బస్టాండు వరకు ఖర్చు మాత్రం ఇద్దరికీ తప్పదు.

కనుక వృద్ధుల నివాసాన్ని అంచనా వేసేటప్పుడు ఇళ్ల సంఖ్యతో పాటు ఆసుపత్రికి, బస్టాండుకు నడక దూరం, అంతస్తు, అద్దెలను కలిపి కొలవడం అవసరం.