కల్పిత పాత్రల పేర్లు – తెలుగువారి నామకరణం: వరూధిని నుంచి జయంతి దాకా

వ్యాససంగ్రహం:
కావ్యాలలో, నాటకాలలో, నవలల్లో, చలనచిత్రాలలో తమకు నచ్చిన పాత్రల పేర్లను పిల్లలకు పెట్టుకోవడం తెలుగువారికి కొత్త కాదు. అయితే ఆ పేర్లలో అధికభాగం దేవతానామాలుగానో, అందమైన సంస్కృత పదాలుగానో కూడా చెల్లుబాటవుతాయి. అందువల్ల వాటి సాహిత్యమూలం ఒకటి రెండు తరాలలోనే మరుగున పడుతుంది. ఆ మరుగు ఎలా ఏర్పడుతుందో, దాని వెనుకనున్న పఠనచరిత్రను ఏ ఆధారాలతో గుర్తించవచ్చో కొన్ని పేర్ల సాయంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నామకరణం, కల్పిత పాత్ర, వరూధిని, శశిరేఖ, శరత్ నవలలు, స్త్రీల పఠనం.

1. బియ్యం మీద రాసే పేరు

బారసాలనాడు పళ్ళెంలో పరచిన బియ్యం మీద తండ్రి బంగారు ఉంగరంతో బిడ్డ పేరు రాస్తాడు. రాసే చెయ్యి అతనిదే అయినా పేరును అప్పటికే ఎన్నో ఒత్తిళ్ళు నిర్ణయించి ఉంటాయి. జన్మనక్షత్ర పాదాన్ని బట్టి వచ్చే అక్షరం ఒకటి. అశ్వినీ నక్షత్రమైతే చు, చే, చో, లా అనే నాలుగింటిలో ఏదో ఒకటి రావాలి. గతించిన తాతగారి పేరో నాయనమ్మ పేరో నిలపాలన్న కోరిక మరొకటి. మొక్కుకున్న దేవుడి పేరు ఇంకొకటి. పుట్టినవారు పుట్టినట్టే పోతున్న ఇంట్లోనైతే మృత్యువు చూపు పడకుండా పెంటయ్య అనో, ఎంగిలి విస్తరిని తలపించే పుల్లయ్య అనో పెట్టి బిడ్డను దక్కించుకున్నారు.

వీటిలో దేవుడి పేరుకున్న సమర్థన అన్నిటికన్నా బలమైనది. భాగవతంలోని అజామిళుడు అవసానకాలంలో కన్నకొడుకును ‘నారాయణా’ అని పిలిచి తరించాడు. రోజుకు నూరుసార్లు నోట పలికే మాట భగవన్నామమైతే పిలుపే జపమవుతుందన్నది ఆ కథ గృహస్థుకు అందించిన యుక్తి. శాస్త్రనియమాలు మాత్రం అంతగా పని చేసినట్టు కనబడవు. స్త్రీల పేర్లు సులభంగా పలికేవిగా, మనోహరంగా, మంగళకరంగా, దీర్ఘాంతంగా ఉండాలని మనుస్మృతి ద్వితీయాధ్యాయం చెబుతుంది. నక్షత్రం, వృక్షం, నది పేర్లు గల కన్యను వివాహమాడరాదని తృతీయాధ్యాయం చెబుతుంది. రోహిణి, తులసి, గోదావరి అన్న పేర్లతో ఎన్ని తెలుగు ఇళ్ళు నిండి ఉన్నాయో చూస్తే ఈ రెండవ మాటను ఎవరూ చెవిన పెట్టలేదని తెలుస్తుంది.

ఇంతటి రద్దీలో ఒక కావ్యనాయికకో నవలానాయికకో చోటెలా దొరికింది? దొరికిందనడానికి సాక్ష్యం ఏమిటి?

2. మూలం తెలిసే పేర్లు, తెలియని పేర్లు

ఇంగ్లీషులో ఈ ప్రశ్న కొంత సులువు. వనెస్సా అన్న పేరును జొనాథన్ స్విఫ్ట్ ఎస్తర్ వానమ్రీ అనే స్త్రీ కోసం, ఆమె ఇంటిపేరులోని ‘వాన్’ను, ఎస్తర్‌కు ముద్దుపేరైన ‘ఎస్సా’ను కలిపి సృష్టించాడు. ఆ పేరున్న కావ్యం 1726లో అచ్చయింది. వెండీ అన్న పేరుకు ప్రచారం వచ్చింది జె. ఎం. బారీ రాసిన ‘పీటర్ పాన్’ నాటకం 1904లో ప్రదర్శితమైన తరువాతే. అంటే అక్కడ కల్పిత నామానికి ఒక పుట్టినతేదీ ఉంది. ఆ తేదీ తరువాతి జనన దస్తావేజులలో ఆ పేరు కనిపిస్తే మూలాన్ని గురించి పెద్దగా సందేహించనక్కరలేదు.

తెలుగు రచయిత ఇలా పేరును సృష్టించడం అరుదు. అతడు సంస్కృత పదసంపద నుంచి ఒక పేరును ఎన్నుకుంటాడు. ఎన్నుకున్న పేరు శివునిదో, విష్ణువుదో, లక్ష్మిదో, లేదా కేవలం ఒక చక్కని సమాసమో అయి ఉంటుంది. అడవి బాపిరాజు నవలానాయిక హిమబిందు పేరును తీసుకుందాం. ఆ పేరుగల దేవత లేదు, పౌరాణిక స్త్రీ లేదు. అయినా ‘మంచు బిందువు’ అన్న అర్థం ఎవరికైనా స్వతంత్రంగా తోచగలిగినదే. కాబట్టి హిమబిందు అన్న అమ్మాయి కనబడగానే ఆమె తల్లి బాపిరాజును చదివిందని తేల్చలేము. చదవలేదనీ చెప్పలేము. తెలుగు నామపరిశోధనకు అసలు చిక్కు ఇదే. పాత్ర పేరుకు ఎప్పుడూ మరొక వివరణ సిద్ధంగా ఉంటుంది. అయితే పరిశోధకుడికి చిక్కైన ఆ రెండవ వివరణే పేరు పెట్టాలనుకున్నవారికి రక్షణ అయింది. నవలలోని పేరంటే ఒప్పుకోని పెద్దలు అమ్మవారి పేరంటే ఒప్పుకుంటారు.

3. ఒత్తులోని సాక్ష్యం: వరూధిని

వరూధిని కథ మార్కండేయపురాణంలో ఉంది. కాని ఆమెను తెలుగువారి మనిషిని చేసింది పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రము. పాదలేపం మహిమతో హిమాలయానికి వెళ్ళిన ప్రవరుడు ఆమెను తిరస్కరించి ఇల్లు చేరతాడు. ప్రవరుని వేషంలో వచ్చిన గంధర్వుడిని నమ్మి ఆమె అతనితో కాపురం చేస్తుంది. వారి కొడుకు స్వరోచి. అతని కొడుకు స్వారోచిష మనువు. పుత్రికకు ఆదర్శంగా నిలపవలసిన కథ ఇదేనా అని అడిగితే ఏ ఇంటి పెద్దా అవునని చెప్పడు. అయినా వరూధిని తెలుగు ఇళ్ళలో ఆడపిల్ల పేరుగా నిలిచింది.

దీనికీ మరొక వివరణ లేకపోలేదు. చైత్ర బహుళ ఏకాదశిని వరూథినీ ఏకాదశి అంటారు. వ్రతనిష్ఠగల కుటుంబం ఆ తిథినిబట్టి పేరు పెట్టి ఉండవచ్చు. ఇక్కడ ఒక చిన్న అక్షరం మనకు సాయపడుతుంది. సంస్కృతంలో ఈ పదం థకారంతో ‘వరూథిని’. సేన అని అర్థం. తెలుగు కావ్యలోకంలో స్థిరపడిన రూపం ధకారంతో ‘వరూధిని’. పంచాంగం నుంచి వచ్చిన పేరులో థకారం నిలిచే అవకాశం ఉంది. ధకారంతో రాసే ఇల్లు పెద్దన నాయికనే తలచిందనడానికి ఆ మేరకు బలం చేకూరుతుంది. ఉచ్చారణలో థకార ధకారాల భేదం సులభంగా చెరిగిపోతుంది కనుక దీన్ని నిర్ణాయకమైన సాక్ష్యంగా కాక సూచనగానే తీసుకోవాలి. ప్రవరుడి పేరు పెట్టుకున్న మనిషి మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. గోత్రఋషులను స్మరించే ‘ప్రవర’తో ఆ పదం ముడిపడి ఉండటం ఒక కారణం కావచ్చు. పాఠకుల అభిమానం ఎవరి వైపు మొగ్గిందన్నది మరొక కారణం కావచ్చు.

4. పురాణం అనుకునే కల్పన: శశిరేఖ

వరూధినికి పురాణంలో ఆధారమైనా ఉంది. శశిరేఖకు వ్యాసభారతంలో ఆ ఆధారం లేదు. భారతంలో అభిమన్యుని భార్య విరాటుని కుమార్తె ఉత్తర. బలరాముని కూతురు, ఆమె కోసం ఘటోత్కచుడు పన్నిన మాయ, లక్ష్మణకుమారుని పరాభవం, ఇవన్నీ జానపద కథాసంప్రదాయం, నాటకాలు కలిసి అల్లినవి. ఇతర భాషాప్రాంతాలలో ఈ అమ్మాయి ఎక్కువగా వత్సల అన్న పేరుతో ప్రసిద్ధురాలు. శశిరేఖ అన్నది తెలుగు కథకులు నిలిపిన పేరు. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’లో సావిత్రి ఆ పాత్ర ధరించిన తరువాత ఆ పేరు వినని తెలుగు ఇల్లు లేదు.

కూతురికి శశిరేఖ అని పేరు పెట్టిన తండ్రిని అడిగితే మహాభారతంలోని పేరు పెట్టానని చెబుతాడు. అతడు అబద్ధమాడటం లేదు. సుభద్ర, ఉత్తర, శశిరేఖ అతని మనసులో ఒకే వరుసలో ఉన్నారు. అందుచేత కల్పిత పాత్ర పేరు పెట్టుకోవడమనే ఆచారాన్ని ‘తల్లిదండ్రులు తెలిసి చేసిన ఎంపిక’ అని నిర్వచిస్తే శశిరేఖలందరూ మన లెక్కలోంచి తప్పిపోతారు. పెట్టినవారి ఉద్దేశాన్ని, పేరు ప్రయాణించిన మార్గాన్ని వేరువేరుగా నమోదు చేయడం మంచిది.

5. బెంగాలు నుంచి వచ్చిన పేర్లు

విజయా సంస్థ భాగస్వామి చక్రపాణి అంతకుముందు శరత్ నవలల అనువాదకుడిగా పాఠకులకు పరిచితుడు. ఆయన, బొందలపాటి శివరామకృష్ణ తదితరుల అనువాదాలు ఎంతగా ఇంటివైపోయాయంటే శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులుండేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నవలలతోపాటు శ్రీకాంత్, భారతి, లలిత, మాధవి, కిరణ్మయి వంటి పేర్లు తెలుగు ఇళ్ళకు వచ్చాయి. వీటిలో చాలావరకు మనకు ముందే ఉన్న పేర్లు. శ్రీకాంతుడు విష్ణువు, భారతి సరస్వతి. కొత్తగా వచ్చింది పేరు కాదు, దాన్ని పలికినప్పుడు కలిగే స్ఫురణ. సుబ్బమ్మలు, వెంకాయమ్మలు ఉన్న ఇంట్లో మాధవి అన్న పిలుపు ఒక నవల చదివిన గుర్తుగా వినిపించేది.

కిరణ్మయి విషయం భిన్నం. దేవతానామంగా ఆ పేరుకు ప్రసిద్ధి లేదు. ‘చరిత్రహీన్’లోని కిరణ్మయి యౌవనంలోనే భర్తను కోల్పోయి, దివాకరుడితో అరకానుకు వెళ్ళి, చివరకు మతిస్థిమితం కోల్పోతుంది. తెలుగు కిరణ్మయులలో ఎందరికి ఈ కథ తెలుసు? వరూధిని విషయంలో చూసినదే ఇక్కడా జరిగింది. పేరు బిడ్డకు అంటుకోగానే పాత్ర బతుకు దాన్నుంచి జారిపోతుంది. పెట్టినవారు పాత్ర కథను కాక ఆమె తెలివిని, ధైర్యాన్ని, బహుశా కేవలం ఆ పదంలోని వెలుగును ఎన్నుకున్నారు.

6. పెట్టని పేర్లు

ఈ జారిపోవడం అన్ని పేర్లకూ సాధ్యం కాదు. 1953 నాటి చలనచిత్రం తరువాత దేవదాసును ప్రేమించని తెలుగు ప్రేక్షకులు తక్కువ. అయినా ఆ అభిమానంతో కొడుక్కి దేవదాసు అని పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు. గడ్డం పెంచి తిరిగే భగ్నప్రేమికుడికి ‘దేవదాసు’ సామాన్యనామమైపోయింది. పాత్ర పేరు సామాన్యనామమయ్యాక మళ్ళీ మనిషి పేరు కావడం కష్టం. ‘కన్యాశుల్కం’లోని గిరీశానికీ ఇదే జరిగింది. గిరీశుడు సాక్షాత్తు శివుడే. అయినా ‘గిరీశం’ అన్న రూపంలో ఆ పేరు గురజాడ పాత్రకే అంకితమైంది. శివుడు గిరీశ్ అన్న రూపంలో తిరిగి ఇళ్ళలోకి వచ్చాడు.

ఇక్కడ పరిశోధకులు జాగ్రత్తపడవలసిన విషయం ఒకటుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో దేవదాసు గౌరవనీయమైన పేరు. దేవుని సేవకుడని అర్థం. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసుగారి పేరుకు 1917లో అచ్చయిన శరత్ నవలతో ఏ సంబంధమూ లేదు. అక్షరసామ్యాన్ని నమ్ముకొని జాబితాలు తయారుచేస్తే ఇటువంటి పొరపాట్లు తప్పవు.

7. పిలిచే పేరు, తల్లి చదివిన నవల

నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టిన ఇంట్లో ఒక ఇబ్బంది ఉంటుంది. కోడలు అత్తగారి పేరు నోటితో పలకకూడదు. అందుచేత బియ్యంలో రాసిన పేరొకటి, పిలిచే పేరొకటి అయ్యేవి. మొదటిది తండ్రి వంశానికి చెందితే, రెండవదానిలో తల్లికి కొంత స్వేచ్ఛ దొరికేది. పాత్రల పేర్లకు దారి ఈ పిలిచే పేరేనని నా అభిప్రాయం. బిడ్డను బడిలో చేర్చేనాడు ఉపాధ్యాయుడు “ఏమని పిలుస్తారు?” అని అడిగి రిజిస్టరులో అదే రాసుకుంటే ముద్దుపేరు అధికారనామమయ్యేది.

1960ల నుంచి ఈ దారి వెడల్పయింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో నాయిక జయంతి, నాయకుడు రాజశేఖరం, ‘జీవన తరంగాలు’లో రోజా, విజయ్. వీటిని చదివినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. పత్రిక చేతులు మారి వీధంతా తిరిగేది. తమ పఠనాన్ని గురించి వారు డైరీలు రాసుకోలేదు, సమీక్షలు ప్రచురించలేదు. ఆ నవలలను ‘కాలక్షేప సాహిత్యం’ అని పక్కన పెట్టిన విమర్శకుల అభిప్రాయాలు మాత్రం అచ్చులో భద్రంగా ఉన్నాయి. చదివిన స్త్రీ వదిలిన లిఖితసాక్ష్యం ఏదైనా ఉంటే అది చాలాచోట్ల కూతురి పేరే. దాన్ని చరిత్రగా చదవకపోతే అటువైపు కథ మనకు ఎన్నటికీ తెలియదు.

ధారావాహికను చదువుతూ పేరు పెట్టడంలో ఒక సాహసం కూడా ఉంది. కథ ఎటు తిరుగుతుందో అప్పటికి తెలియదు. అమెరికాలో 2018లో పుట్టిన 560 మంది ఆడపిల్లలకు ఖలీసీ అన్న పేరు నమోదైంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టెలివిజన్ ధారావాహికలో అది పేరు కాదు, రాణికి బిరుదు. మరుసటి సంవత్సరం చివరి భాగాలలో ఆ రాణి నగరాన్ని తగలబెట్టింది. తెలుగు నవలలు ఈ విషయంలో తల్లులను ఎక్కువగా కాపాడాయి. నాయిక చివరకు సుఖపడుతుందన్న భరోసా వాటిలో ఉండేది. అదే ధారావాహికలో ఆర్య అన్న అమ్మాయి ఉంది. ఇవాళ అమెరికాలోని తెలుగు ఇంట్లో ఆర్య అన్న బిడ్డ కనబడితే ఆ పేరు అక్కడినుంచి వచ్చిందో, 2004 నాటి తెలుగు సినిమా నుంచి వచ్చిందో, సంస్కృత పదం నుంచే వచ్చిందో బయటివారు చెప్పలేరు. ఆ అమ్మమ్మకు ఒక సమాధానం, తోటి ఉద్యోగులకు మరొక సమాధానం చెప్పే వీలు తల్లిదండ్రులకు ఉంటుంది.

8. ఎక్కడ వెతకాలి

ఏ ఏడాది ఏ పేరు ఎందరికి పెట్టారన్న లెక్కను అమెరికా సామాజిక భద్రతా విభాగం ఏటా ప్రకటిస్తుంది. అటువంటి జాబితా మనకు లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయించి, పేరును తరువాత చేర్చుకోవచ్చు. కనుక జనన దస్తావేజుల కన్నా వయస్సు, పేరు, తండ్రి లేదా భర్త పేరు ఒకేచోట ఉండే ఓటర్ల జాబితా ఎక్కువగా ఉపయోగపడవచ్చు. ఒక ఊరి జాబితాలో జయంతులు ఒక వయస్సువద్ద గుమిగూడితే అది గమనార్హం. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ళ పేర్లు ఒకే రచయిత పాత్రలవైతే అది ఇంకా బలమైన సూచన. అయితే ఇవన్నీ సూచనలే. నిర్ధారణ పేరు పెట్టినవారి నోటినుంచే రావాలి. 1960లలో తొలిబిడ్డను ఎత్తుకున్న తల్లులు ఇప్పుడు ఎనభయ్యేళ్ళకు అటూఇటూగా ఉన్నవారు.

వారిని కలిసినప్పుడు “ఈ పేరు ఎందుకు పెట్టారు?” అని సూటిగా అడిగితే దేవుడి పేరనో, పెద్దలు నిర్ణయించారనో అలవాటైన జవాబు వస్తుంది. ఆ రోజుల్లో ఇంటికి ఏ పత్రిక వచ్చేదో, ఎవరి దగ్గర అరువు తెచ్చుకునేవారో, చివరి భాగం చదివేటప్పటికి కడుపులో ఎన్నో నెలో అడిగి చూడవచ్చు.