చమురు గొట్టంలోంచి పెద్ద సిరలోకి

కాలి పిక్కలో, కండరాల మధ్య ఉన్న లోతు సిరలో రక్తం గడ్డకడితే కాలు వాస్తుంది, సలుపుతుంది. గడ్డ అక్కడే ఉన్నంతవరకు ప్రాణానికి అంత ముప్పు లేదు. అది ఊడితేనే ప్రమాదం. తొడ సిర మీదుగా పొత్తికడుపులోని పెద్ద సిరలోకి, అక్కడినుంచి గుండె కుడి గదుల్లోకి వెళ్లి, చివరికి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటుంది. గడ్డ పెద్దదైతే మనిషి నిమిషాల్లో పోవచ్చు. ఈ ప్రయాణాన్ని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1850లలోపే విప్పి చెప్పాడు.

దారి తెలిసింది గానీ, దాన్ని కాపు కాయడమెలాగో ఇంకో వందేళ్లకు గాని తేలలేదు. 1908లో లైప్‌జిగ్‌లో ట్రెండెలెన్‌బర్గ్ ఛాతీ కోసి గడ్డను బయటికి తీశాడు, రోగి దక్కలేదు. అదే ఆపరేషన్‌తో ఒక మనిషి బతికి బయటపడింది 1924లో, కిర్ష్‌నర్ చేతిలో. 1934లో బోస్టన్ సర్జన్ జాన్ హోమన్స్ గడ్డ పైకి రాకుండా తొడ సిరనే దారంతో కట్టేయమన్నాడు. తర్వాతివాళ్లు ఇంకా పైకి వెళ్లి పొత్తికడుపులోని పెద్ద సిరను కట్టేశారు. ఏటిలో దొంగలున్నారని ఏటినే పూడ్చినట్టయింది. కాళ్లు వాచిపోయి పుళ్లు పడేవి. అసలే నీరసించిన గుండెకు కింది రక్తం ఒక్కసారిగా తగ్గిపోతే కొందరు ఆపరేషన్ బల్ల మీదే పోయేవారు.

ఈలోగా రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ అనే మందు వచ్చింది. 1960లో బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ అనే వైద్యులు జరిపిన పరిశీలనలో మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు ఊపిరితిత్తుల్లో గడ్డ వల్ల చనిపోయారు. మందు ఇచ్చిన 16 మందిలో ఆ కారణంతో పోయినవాళ్లు ఒక్కరూ లేరు. ఆనాటి నుంచి నేటిదాకా ఈ జబ్బుకు అసలు వైద్యం గడ్డకట్టనివ్వని మందులే. కానీ మెదడులో రక్తస్రావమైనవాళ్లకు, నిన్నగాక మొన్న పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు ఆ మందు ఇస్తే మరోచోట రక్తం కారవచ్చు. మన కథానాయకుడు పుట్టింది అలాంటివాళ్ల కోసమే. దాని పేరు ఫిల్టర్, పెద్ద సిరలో రక్తాన్ని పోనిచ్చి గడ్డను ఆపే జల్లెడ.

మొదటి ప్రయత్నం మియామీలో పనిచేసిన సర్జన్ కాజీ మొబిన్‌ఉద్దీన్‌ది. 1967లో ఆయన ఒక చిన్న గొడుగు చేశాడు. ఆరు ఊచలు, వాటి మీద చిల్లులు పెట్టిన సిలికాన్ పొర. మెడ సిరలోంచి ముడిచి దించి, లోపల విప్పేవారు. పొట్ట కోయకుండా పని కావడం అప్పటికి గొప్పే. కాని చాలామందిలో ఆ చిల్లులు పూడుకుపోయేవి, సిర మూసుకుపోయేది. కొన్ని గొడుగులు పట్టు తప్పి గుండెలోకే కొట్టుకుపోయాయి.

ఓక్లహోమాలో సర్జన్ లాజర్ గ్రీన్‌ఫీల్డ్‌ను ఈ దారికి తెచ్చింది 1960ల చివర్లో ఒక రోగి మరణం. ఛాతీ తెరిచి గడ్డ తీసినా ఆ మనిషి బతకలేదు. గ్రీన్‌ఫీల్డ్ సాయం అడిగింది మరో వైద్యుణ్ణి కాదు, చమురు, గ్యాస్ బావులకు వాల్వులు తయారుచేసే గార్మన్ కిమెల్ అనే ఇంజనీరును. చమురు నేలలో ఉన్నవాడికి అది తట్టడం వింతేమీ కాదుగానీ, చాలామందికి తట్టదు. ఇద్దరూ కలిసి ముందు గడ్డను పీల్చే గొట్టం మీద పనిచేశారు. ఆ తర్వాత గడ్డను దారిలోనే పట్టడమెలాగన్న ప్రశ్న వచ్చింది. చమురు గొట్టాల్లో మడ్డిని పట్టడానికి శంకువు ఆకారపు జల్లెడలు వాడతారని కిమెల్‌కు తెలుసు.

కిటుకంతా ఆ ఆకారంలోనే ఉంది. సిరకు అడ్డంగా బల్లపరుపు జల్లెడ పెడితే, పడ్డ ప్రతి ముక్కా దారిని అంతమేర మూస్తుంది. శంకువు అలా కాదు. మొన గుండె వైపు, వెడల్పు కాళ్ల వైపు ఉండేలా పెడితే, వచ్చిన గడ్డ జారి మొన దగ్గర, సిర నడిమధ్యన కూర్చుంటుంది. అంచుల వెంట రక్తం పారుతూనే ఉంటుంది. లెక్క ఏడో తరగతి పిల్లలకూ అందేదే: మొన నుంచి ఎత్తులో 70 శాతం నిండిందనుకోండి. అక్కడ వ్యాసం కూడా అడుగు వ్యాసంలో 70 శాతమే. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక 0.7 ఇంటూ 0.7, అంటే 49 శాతం. జల్లెడ ఎత్తులో 70 శాతం దాకా నిండినా సగం దారి తెరిచే ఉంటుందన్నమాట. పైగా పారే రక్తంలో గడ్డను కరిగించే పదార్థాలు ఉంటాయి. పట్టుబడిన గడ్డ ఆ ప్రవాహంలో తడుస్తూ మెల్లగా కరుగుతుంది. ఇంత సరళమైన జ్యామితితో ఇంత పని చేసిన వైద్య పరికరాలు నాకు తెలిసి తక్కువ.

1973లో ఫిల్టర్ లోకానికి తెలిసింది. ఆరు వంకర టింకర ఉక్కు తీగలు, ఒక్కోదాని చివర సిర గోడను పట్టుకునే చిన్న కొక్కెం. మొదట్లో సిరను కోసి లోపలికి పంపేవారు. కోత లేకుండా, చర్మంలోంచి సూదితో దారి చేసుకుని పెట్టే పద్ధతిని 1984లో ప్రకటించిన రేడియాలజిస్టుల బృందంలో మొదటి పేరు ఎస్. మూర్తి తాడవర్తిది. ఆ ఇంటిపేరు మనకు కొత్త కాదు.

పెట్టడం సులువయ్యాక పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అప్పుడే అడగాల్సిన ప్రశ్నను ఫ్రాన్సులో అడిగారు. 400 మందికి మందులిస్తూ, సగం మందికి ఫిల్టర్ కూడా పెట్టారు. 1998లో వచ్చిన ఫలితం ఇది: మొదటి 12 రోజుల్లో ఊపిరితిత్తుల్లో గడ్డలు ఫిల్టర్ ఉన్నవారిలో 1.1 శాతం, లేనివారిలో 4.8 శాతం. రెండేళ్లకు కాళ్లలో మళ్లీ గడ్డలు మాత్రం ఫిల్టర్ ఉన్నవారిలోనే ఎక్కువ, 11.6 శాతానికి బదులు 20.8. మరణాల్లో తేడా లేదు. అంటే తొలి రోజుల్లో కాపలా కాసిన తీగే, ఉండిపోతే కొత్త గడ్డలకు తావిచ్చింది.

అందుకే 2000 తర్వాత మళ్లీ బయటికి తీయగల ఫిల్టర్లు వచ్చాయి. తీయగలిగినవే, కాని తీయలేదు. రోగి ఇంటికి వెళ్లిపోతాడు, పెట్టిన డాక్టరు ఒకరు, చూసే డాక్టరు మరొకరు. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, 2005 నుంచి తమకు అందిన 921 ఫిర్యాదుల చిట్టా విప్పింది. వాటిలో 328 ఫిల్టర్ చోటు మారినవి, 146 ముక్క ఊడి కొట్టుకుపోయినవి, 70 సిర గోడకు చిల్లు పడ్డవి, 56 తీగ విరిగినవి. అవసరం తీరగానే తీసేయండని చెప్పింది.

గ్రీన్‌ఫీల్డ్, కిమెల్ మొదట తలపెట్టిన పీల్చే గొట్టం ఆలోచనా చచ్చిపోలేదు. ఊపిరితిత్తుల ధమనిలోంచి గడ్డను లాగే ఫ్లోట్రీవర్ అనే గొట్టానికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఫిల్టర్ పెడితే, ఆసుపత్రి నుంచి కదిలేముందు రెండే ప్రశ్నలు అడగండి. ఎప్పుడు తీస్తారు? ఎవరు తీస్తారు? ఆ తేదీని, ఆ పేరును డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని మరీ బయలుదేరండి.