వార్తల్లో పదం: ప్రవేశ పన్ను

మక్తల్ దాటి కృష్ణా వంతెన మీదుగా వెళ్తే రాయచూరు. ఒకప్పుడు అటునుంచి కొత్త మోటారు వాహనం కొని తెస్తే మహబూబ్‌నగర్‌లో ప్రవేశ పన్ను పడేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందుకు 1996లో చట్టం చేసింది. 2001లో ఇతర సరుకులకూ మరొకటి తెచ్చింది.

లెక్క తేలికే. ధర 8 లక్షలు, అక్కడి పన్ను 12.5 శాతం, ఇక్కడిది 14.5 శాతం అనుకుందాం. అక్కడ కట్టింది మినహాయిస్తే మిగిలేది 2 శాతం, అంటే 16 వేలు.

వివక్ష లేకుండా ఈ పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2016 నవంబరు 11న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మరుసటి ఏడాది జులై 1న వచ్చిన జీఎస్టీ దాన్ని తనలో కలిపేసుకుంది.

ఇప్పుడు చూడాల్సింది బిల్లు. 2023 అక్టోబరు 1 నుంచి, జీఎస్టీ నమోదు లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో ఉంటే పన్నులో రాష్ట్ర వాటా ఆ చిరునామా ఉన్న రాష్ట్రానికే. రాయచూరులో కొని నల్లగొండ చిరునామా రాయిస్తే ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) పడి ఆ వాటా తెలంగాణకు చేరుతుంది. లేకుంటే కర్ణాటకకు పోతుంది. కొనేవారికి రూపాయి కూడా పెరగదు కాబట్టి అడిగి మరీ రాయించుకోవాలి.

వాహనాల లైఫ్ ట్యాక్స్ మాత్రం జీఎస్టీలో కలవలేదు. పొరుగు రాష్ట్రపు కారును ఇక్కడ రిజిస్టర్ చేయించాలంటే అది విడిగా కట్టాల్సిందే.